కుడివైపు జేబు

కిందటి వారం మనం మాస్టార్ని ఎక్కడ వదిలేశామో ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. అదే స్టూలు, అదే బల్ల, బల్ల మీద అదే కాగితం. మారింది గోడ గడియారం ఒక్కటే. అప్పుడు రెండు. ఇప్పుడు నాలుగు.

కథలోకి ఇవాళే అడుగుపెడుతున్నవాళ్ళు కంగారు పడనక్కర్లేదు, సంగతి ఇంతే. మాస్టారు గ్యాస్ స్టవ్వులు బాగుచేసే మనిషి. ముప్పై రెండేళ్ళ సర్వీసు. చదివింది ఏడో తరగతే అయినా అందరూ మాస్టారనే పిలుస్తారు. ఒకప్పుడు తనకి తెలిసిన పనంతా ఇంటర్నెట్‌లో ఓ పేజీ తెరిచి రాసిపెట్టేవాడు. మంట పసుపు రంగులో వస్తే ఏం చెయ్యాలి, పైపు ఎన్నాళ్ళకి మార్చాలి, ఏ నట్టు ఎటు తిప్పాలి. జనం వెతుక్కుంటూ వచ్చి చదివేవారు. కొన్నాళ్ళకి చదవడం మానేసి చూడటం మొదలుపెట్టారు. పోయిన నెల ఆ పేజీ తెరిచినవాళ్ళు నలుగురు. అందులో ఒకరు మాస్టారే. అందుకని కూతురు ఫోను పట్టుకుంది, తండ్రి స్పానర్ పట్టుకున్నాడు, వీడియోలు మొదలయ్యాయి.

అలాంటి ఒక వీడియో చూసి ఎవరో టీచరు తన వంటింట్లో సిలిండరు నట్టు బిగించబోయింది. భగ్గుమని మంట లేచి రెండు చేతులూ కాలాయి. ఇవాళ పొద్దున భద్రత ఆఫీసు నుంచి వచ్చానంటూ ఓ ఇన్‌స్పెక్టరు షాపులో కూర్చుని, ఆ వీడియో చూపించి, "ఈ చేతులు మీవేనా?" అని అడిగాడు.

చేతులు తనవే. గొంతూ తనదే. తిప్పిన వైపే తప్పు.

అదీ చిక్కు. మామూలు నట్టు కుడికి తిప్పితే బిగుస్తుంది. ఊరందరిదీ ఒక దారి, గ్యాసు నట్టుది ఒక దారి. దాన్ని ఎడమకి తిప్పితేనే బిగుస్తుంది. నీళ్ళ పైపుల సామాను పొరపాటున గ్యాసుకి తగిలించకుండా ఎవరో బుర్ర ఉన్నవాళ్ళు పెట్టిన తేడా అది. ఆ తేడా మాస్టారుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయినా వీడియోలో ఆయన చెయ్యి నిదానంగా, ధీమాగా, నవ్వు గొంతుతో, నట్టుని కుడికి తిప్పుతోంది.

"చిన్న పనే మాస్టారూ. ఒక్క సంతకం," అన్నాడు ఇన్‌స్పెక్టరు వెళ్తూ. "పొరపాటు నాదే అని ఒప్పుకుంటే ఓ ఏడాది లైసెన్సు పక్కన పెడతాం, అంతే. ఒప్పుకోకపోతే కేసు. ఐదింటికి వస్తాను."

తన నంబరున్న కార్డు ఒకటి బల్లమీది అద్దం కింద దోపి మరీ వెళ్ళాడు.

మాస్టారు వీడియో మళ్ళీ పెట్టాడు. పదకొండోసారి. నలభై సెకన్లు. పద్దెనిమిది లక్షలమంది చూశారని కింద అంకె. తన ఛానెల్‌లో పెట్టింది ఇది కాదు. అది నాలుగు నిమిషాలుంటుంది, దాన్ని చూసింది పదకొండొందల మంది. ఈ నలభై సెకన్లది ఎవరో తమ పేరు మీద పెట్టుకున్నారు. పెట్టుకుంటే పెట్టుకున్నారు. చెయ్యి తనది కాకుండా పోదు కదా. తను తిప్పకుండా అది తిరగదు కదా.

తన ఛానెల్‌లో ఉన్న అసలు వీడియో పెట్టి పక్కపక్కన చూసుకుంటే తేలిపోయేది. కానీ పొద్దున ఇన్‌స్పెక్టరు అది కూడా ఆలోచించాడు. విచారణ అయ్యేదాకా మీ వీడియోలన్నీ కనపడకుండా పెట్టండి అని, తను కూర్చుని ఉండగానే కూతురి చేత నొక్కించాడు. ఇప్పుడు ఆ ఛానెల్ తెరిస్తే ఖాళీ గోడ.

మొన్న ఒకావిడ బర్నరు ఇంకొకావిడకి ఇచ్చి పంపాడు. పోయిన వారం కళ్ళజోడు కోసం షాపంతా వెతికి, అది నెత్తిమీదే ఉందని తెలుసుకున్నాడు. అప్పుడు నవ్వుకున్నాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు. అరచేతులు రెండూ తెరిచి చూసుకున్నాడు. స్టవ్వుల వెనక, గోడల సందుల్లో పని చేసీ చేసీ రెండు చేతులూ ఒకే వాటం అయిపోయాయి. స్పానర్ ఏ చేత్తో పట్టుకున్నావంటే ఆయన చెప్పలేడు. ఏ చెయ్యి సందులో దూరితే ఆ చెయ్యి.

"మీరిద్దరూ కలిసి నాకు తెలియకుండా ఏం చేశార్రా?" అన్నాడు చేతులతో.

అప్పుడే తలుపు తెరుచుకుంది. చేత్తో కాదు, భుజంతో.

లోపలికి వచ్చినావిడకి నలభై ఉంటాయి. రెండు చేతులకీ మోచేతుల దాకా తెల్లటి కట్లు. మెళ్ళో తాడుకి వేలాడుతున్న ఫోను. ఆమె ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు. మాస్టారు లేచి నిలబడ్డాడు. స్టూలు వెనక్కి పడింది.

"మాస్టారంటే మీరేనా?" అంది టీచరు.

"నేనేనమ్మా. కూర్చోండి."

"కూర్చోను. తిట్టడానికి వచ్చాను." ఒక్క క్షణం ఆగింది. "దారి పొడుగునా తిట్లు కూర్చుకున్నాను కూడా. మీ మొహం చూస్తే ఒక్కటీ గుర్తు రావడం లేదు."

"గుర్తొచ్చేదాకా కూర్చోండి తల్లీ," అన్నాడు మాస్టారు, స్టూలు నిలబెట్టి తుడుస్తూ.

ఆమె కూర్చుంది. షాపంతా కలయజూసింది. గోడకి పరిమాణం ప్రకారం వేలాడే స్పానర్లు, డబ్బాల్లో విడివిడిగా వాషర్లు, ప్రతి డబ్బా మీద గుండ్రటి అక్షరాలతో కాగితం. ఇంత పద్ధతిగల మనిషి అంత తప్పెలా చేశాడా అని ఆమె ముఖంలో స్పష్టంగా కనిపించింది.

"వాసన వచ్చింది," అంది. "కొంచెమే. స్టవ్వుతో పాటు వచ్చిన పుస్తకం డబ్బాలో ఉంది. దాని కవరు ఈరోజుకీ చింపలేదు. నేను టీచర్నండీ. చదవండర్రా, చదవండర్రా అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు చించుకునేదాన్ని. వాసన రాగానే నేను చేసిందేమిటో తెలుసా? ఫోను తీసి 'గ్యాసు వాసన' అన్నాను. మీ చేతులు వచ్చాయి. ఎంత బాగా చూపించారు! సగం చుట్టు చాలు, ఎక్కువ తిప్పకండి అన్నారు. సగం చుట్టే తిప్పాను. స్టవ్వు వెలిగించాను."

"సబ్బునీళ్ళు రాయలేదామ్మా?"

"సబ్బునీళ్ళేమిటి?"

"నట్టు బిగించాక సబ్బునీళ్ళు రాయాలి. బుడగ వస్తే కారుతున్నట్టు. బుడగ లేదని చూశాకే అగ్గి. అది చెప్పకుండా నేను ఏ వీడియో ముగించను."

"ఇందులో చెప్పలేదు."

చెప్పలేదు. నిజమే. పదకొండుసార్లు చూసినా ఆ సంగతి తనకి తట్టనే లేదు. వైపు మర్చిపోయాడు, సబ్బునీళ్ళూ మర్చిపోయాడు. ఇంకేం మిగిలింది?

"నాకు ఒక్కటే కావాలి," అంది టీచరు. గొంతు మెత్తబడింది. "చిన్నపిల్లలకి కుడిచెయ్యి, ఎడమచెయ్యి నేర్పేది నేనే. ఆస్పత్రిలో పడుకుని అదే ఆలోచన. నేను తప్పు చూశానా? మీరు తప్పు చూపించారా? ఎవరిని అడిగినా ఏదోలే వదిలెయ్ అంటున్నారు. నాకు వదలడం లేదు. ఆ ఒక్క ముక్క చెప్పండి, వెళ్ళిపోతాను."

మాస్టారు ఆ కట్ల వంక చూశాడు. తెలియదు అనాలనిపించింది. అదే నిజం కూడా. కానీ తెలియదు అంటే ఈవిడ మళ్ళీ తన కళ్ళనే అనుమానించుకుంటుంది.

"మీ చూపులో తప్పు లేదమ్మా," అన్నాడు. "తప్పు నాదే."

పెన్ను తీసుకుని, కాగితం అడుగున, ఇన్‌స్పెక్టరు గుర్తు పెట్టిన చోట సంతకం చేసేశాడు. ముప్పై రెండేళ్ళ పని అంతా ఆ ఒక్క గీతలో అయిపోయింది. విచిత్రంగా, కాస్త హాయిగా కూడా అనిపించింది.

పక్కతలుపు ధడాలుమంది.

ఆ తలుపు అవతల మాస్టారు అక్కది టైలరింగ్ షాపు. మధ్యలో చెక్క గోడే కాబట్టి ఇక్కడ తుమ్మితే అక్కడ వినిపిస్తుంది. అక్క మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు, చేతిలో కత్తెర.

"సంతకం పెట్టేశావా?" అంది సూదులు తీసి జాకెట్టుకి గుచ్చుకుంటూ. "నన్ను అడగకుండా గడ్డం కూడా గీసుకోనివాడివి, ఇప్పుడు హడావుడిగా సంతకం పెట్టేశావా?"

"నువ్వు ఊరుకో అక్కా."

"ఊరుకునే కదా ఇంతదాకా వచ్చింది. ఏదీ, ఆ దిక్కుమాలిన వీడియో నన్నూ చూడనివ్వండి. పొద్దున్నుంచీ అందరూ చూశారు, నేనొక్కదాన్నే వినడం." టీచరు ముందు నిలబడి, ఆమె మెళ్ళో ఫోనుని బొత్తాం కుట్టేంత జాగ్రత్తగా పట్టుకుంది. "ఇక్కడ నొక్కాలామ్మా? అయ్యో, నొక్కలేవు కదూ తల్లీ. ఉండు, నేను నొక్కుతాను."

నలభై సెకన్లు. మాస్టారు తల దించుకుని తన గొంతు తనే పన్నెండోసారి విన్నాడు.

వీడియో అయిపోయింది. అక్క మళ్ళీ పెట్టింది. ఫోను ముక్కుకి ఆనేంత దగ్గరగా తెచ్చుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ చొక్కా ఎవరు కుట్టార్రా?"

"ఎవరు కుడతారు, నువ్వే."

"నేను కాదు."

"నీలం గళ్ళది అక్కా. నువ్వే కదా, పోయిన చలికాలం..."

"గుడ్డ నాదే. కుట్టు నాది కాదు." అక్క మొహం ఎర్రబడింది. నట్టు సంగతి ఆమెకి పట్టలేదు. ఆమెకి జరిగిన అవమానం వేరు. "జేబు చూడు. కుడివైపు ఉంది. నలభై ఏళ్ళుగా కత్తెర పట్టుకుంటున్నాను. మగవాడి చొక్కాకి కుడివైపు జేబు నేను ఏనాడైనా పెట్టానా? ఏ తాగుబోతు కుట్టాడిది?"

మాస్టారు తన ఒంటి మీద చూసుకున్నాడు. ఇవాళ వేసుకున్నదీ ఆ నీలం గళ్ళ చొక్కాయే. జేబు ఎడమవైపు. జేబులో పెన్సిలు.

ఫోనులో చూశాడు. అదే చొక్కా. అదే పెన్సిలు. జేబు కుడివైపు.

చేతులు రెండూ ఒకటే, పొరపాటున తిప్పాననుకోవచ్చు. చొక్కా ఎలా మారుతుంది? అదే గుడ్డతో రెండో చొక్కా లేదు. ఉంటే అక్కకి తెలుస్తుంది. చొక్కా మారదు. జేబు నడవదు. మరి...

ఆయన చెయ్యి దానంతటదే బల్ల సొరుగులోకి వెళ్ళింది. స్టవ్వు వెనక కనపడని నట్లు చూడటానికి మెకానిక్కులు వాడే చిన్న గుండ్రటి అద్దం ఒకటి ఉంటుంది, పొడుగాటి పిడితో. ముప్పై ఏళ్ళుగా గోడ సందుల్లోకి చూపిన అద్దం. అందులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఆ లెక్క మనసులో వేసుకునే తిప్పాలి. కొత్తలో అందరూ తప్పు తిప్పుతారు.

"అక్కా, ఆ ఫోను కదలకుండా పట్టుకో. మళ్ళీ పెట్టు."

ఫోను ఎదురుగా అద్దం పెట్టి, ఫోనులోకి కాక అద్దంలోకి చూశాడు.

అద్దంలో నీలం గళ్ళ చొక్కా. జేబు ఎడమవైపు. చెయ్యి నట్టుని ఎడమకి తిప్పుతోంది. నిదానంగా, ధీమాగా, నవ్వు గొంతుతో. ఎటు తిప్పాలో అటే.

"టీచరుగారూ," అన్నాడు. ఆయన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇలా రండి. ఇందులో చూడండి."

టీచరు చూసింది. కట్ల చేతులు గాల్లోకి లేపి, వీడియోతో పాటు ఒకసారి అటూ, అద్దంతో పాటు ఒకసారి ఇటూ తిప్పి చూసుకుంది. కళ్ళు నిండాయి.

"అయితే నేను సరిగ్గానే చూశాను," అంది.

"సరిగ్గానే చూశారు. నేనూ సరిగ్గానే తిప్పాను."

"మరి తప్పెవరిది?" అంది అక్క. "నాకేం అర్థం కాలేదు. జేబు సంగతి తేలిందా లేదా?"

"తేలింది అత్తా." మెట్ల మీంచి వచ్చింది ఆ మాట.

పొద్దున ఇన్‌స్పెక్టరు వెళ్ళినప్పటి నుంచి మాస్టారు కూతురు మేడ మెట్ల మీదే కూర్చునుంది. తిండి లేదు, మాట లేదు. వీడియో తీసింది తను కాబట్టి పాపం కూడా తనదే అనుకుంది. ఇప్పుడు వచ్చి టీచరు మెళ్ళోంచి ఫోను తీసుకుంది. ఒక్క చూపు చూసి నుదురు కొట్టుకుంది.

"తిరగేశారు నాన్నా. అద్దంలోలాగా మొత్తం వీడియోని తిరగేసి పెట్టారు."

"ఎందుకమ్మా?" అంది టీచరు.

"దొంగతనం దొరక్కుండా. ఎవరిదో వీడియో ఎత్తుకొచ్చి మనదిగా పెడితే వీడియోలు పెట్టేచోట ఉన్న యంత్రం పోల్చి పట్టేస్తుంది. తిరగేస్తే పట్టలేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళంతా చేసేది అదే. వంటలవీ, డాన్సులవీ తిరగేస్తే ఎవరికి నష్టం? గరిట ఏ చేత్తో తిప్పితే ఏం? ఎవరూ పట్టించుకోరు." ఫోనులో వేలు పెట్టి చూపించింది. "వెనక గోడ మీద మన బోర్డు ఉండాలి ఇక్కడ. అక్షరాలు తిరగబడి కనిపిస్తాయని దాని మీద ఇంత లావు నవ్వుబొమ్మ అతికించారు. సబ్బునీళ్ళ ముక్క పొడుగైపోయిందని కోసేశారు. పొడుగుంటే ఎవరు చూస్తారు?"

"నువ్వు పొద్దున చూడలేదే మరి? తీసినదానివి నువ్వే కదా!" అంది అక్క.

కూతురు తల దించుకుంది. "నేను రోజూ నన్ను నేను ఫోనులో అద్దంలోలాగే చూసుకుంటాను అత్తా. తిరగబడిందే నాకు మామూలైపోయింది. తేడా కనపడలేదు."

పద్దెనిమిది లక్షలమంది చూసినదాంట్లో తేడా కనిపెట్టింది జేబు చూసిన మనిషి ఒక్కతే.

మాస్టారు బల్లకి ఆనుకుని నిలబడ్డాడు. మతి పోలేదు. చేతులు మోసం చెయ్యలేదు. లైసెన్సు పోనక్కర్లేదు. ఈ ముక్క ఇన్‌స్పెక్టరుకి చూపిస్తే చాలు. ఐదింటికి ఎలాగూ వస్తాడు.

"ఆ సంతకం మాటేమిటి?" అంది అక్క.

"చింపేద్దాం. ఆయనకి చెబుదాం."

"ఒక్క నిమిషం." టీచరు బల్ల దగ్గర వంగి ఉంది. మోచేతి కొసతో కాగితం మొదటి పేజీ పక్కకి జరిపింది. అడుగున ఇంకో పేజీ ఉంది. అక్షరాలు చీమల్లా సన్నగా. "ఇది చదివారా మీరు?"

జనం చదవడం మానేశారని పదేళ్ళుగా వాపోతున్న మనిషి, సంతకం ఎక్కడ పెట్టాలో చూశాడు గానీ వెనక పేజీ ఉందని చూడలేదు.

టీచరు చదివింది. క్లాసులో చదివినట్టు, ప్రతి మాటా విడివిడిగా. "'నా ముఖము, చేతులు, గొంతు కనిపించు లేక వినిపించు వీడియోలన్నింటినీ, నేను వ్రాసిన పేజీలన్నింటినీ, నా ఛానెలును, ఈ కాగితము అందుకొన్న వ్యక్తికి శాశ్వతముగా అప్పగించుచున్నాను. ఇకపై వాటితో నాకెట్టి సంబంధము లేదు.'" తలెత్తింది. "భద్రత ఆఫీసుకి మీ గొంతెందుకండీ?"

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. నాలుగూ నలభై.

"నాన్నా." కూతురి గొంతు మారింది. ఆమె ఇంకా వీడియోనే చూస్తోంది, మొట్టమొదటి క్షణంలో ఆపి. "ఈ గ్లాసు చూడు."

సిలిండరు పక్కన నేల మీద ఓ స్టీలు గ్లాసు. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని తీసేస్తోంది. రెండు సెకన్లు కూడా లేదు.

"ఆ చెయ్యి నాది. కాఫీ గ్లాసు అడ్డమొచ్చిందని తీశాను. మనం పెట్టిన వీడియోలో ఈ ముక్క లేదు. నేనే కోసేశాను."

"అయితే?"

"మన ఛానెల్లోంచి ఎత్తుకుపోతే వాళ్ళకీ ఈ ముక్క ఉండకూడదు కదా! ఇది కొయ్యకముందు తీసిన అసలుది. అది నా ఫోను దాటి బయటికే వెళ్ళలేదు." తండ్రి వంక చూసింది. చూపు నిలిపింది. "ఆ వారం నా ఫోను నా దగ్గర లేదు నాన్నా. నీ ఫోను బకెట్లో పడింది. నీ సిమ్ వేసి నాలుగు రోజులు నాది నీ దగ్గరే ఉంచుకున్నావు."

అక్క కత్తెర బల్ల మీద పెట్టింది. టీచరు ఆయన వంకే చూస్తోంది. ఇందాక తేలిపోయిన మబ్బు మళ్ళీ ఆయన తలలోకి దిగింది. తనా? తనేం చేశాడు?

అప్పుడు గుర్తొచ్చింది.

ఒక ఫోను కాల్. మధ్యాహ్నం పూట, ఎవరిదో స్టవ్వు విప్పి ఉండగా. మృదువైన గొంతు. మీ పేజీ మొదటి నుంచి చివరి దాకా చదివాను మాస్టారూ, అంది ఆ గొంతు. ఎన్నేళ్ళయింది ఆ మాట విని! ఇంత మంచి రాత ఎవరూ చూడకుండా పోతోంది, పుస్తకం వేద్దాం, అంది. బొమ్మలు గీయించాలి, చేతులు ఎలా తిప్పుతారో చూడాలి, కొయ్యని వీడియో ఒకటి పంపండి, అంది.

"పంపాను," అన్నాడు మాస్టారు. "నేనే పంపాను తల్లీ."

"ఎవరికి? నాకెందుకు చెప్పలేదు?"

"పుస్తకం వచ్చాక నీ చేతిలో పెడదామనుకున్నా. నేను రాసిందీ ఎవరో చదివారని." ఆయన గుండ్రటి అద్దం బల్ల మీద పెట్టాడు. "ఆ తరవాత ఫోను రాలేదు. సరే, వాళ్ళకీ నచ్చలేదేమో అనుకుని మర్చిపోయాను."

కూతురు టీచరు ఫోను బల్ల మీద పెట్టింది. తన ఫోను తీసి, పాత సందేశాల్లో వెనక్కీ వెనక్కీ వెళ్ళింది. బట్టల కొట్టు, స్నేహితురాళ్ళు, కరెంటు ఆఫీసు. ఆగింది.

"దొరికింది. పేరు లేదు. నంబరు మాత్రమే."

ఆమె నంబరు చదవడం మొదలుపెట్టింది. ఒక్కో అంకె నోట్లోంచి ఊడిపడుతుంటే మాస్టారు కళ్ళు వాటంతటవే బల్ల మీదికి వెళ్ళాయి. అద్దం కింద, ఇన్‌స్పెక్టరు దోపి వెళ్ళిన కార్డు. పొద్దున్నుంచి ఎదురుగా ఉండి కంఠతా వచ్చేసిన అంకెలు. కూతురు నాలుగో అంకె చదివేసరికి ఐదోది మాస్టారు అన్నాడు. ఆరోది, ఏడోది, చివరిదాకా తనే అన్నాడు.

కూతురు ఫోను దించింది. "నీకెలా తెలుసు?"

ఆయన అద్దం కింది కార్డుని వేలితో చూపించాడు. ఆ ఫోను కాల్ చివర వచ్చిన మాట ఒకటి ఇప్పుడు చెవిలో మోగుతోంది. ఎంత మెత్తగా అన్నాడో! చిన్న పనే మాస్టారూ. ఒక్క వీడియో.

"ఆ కాగితం ఇటివ్వండి టీచరుగారూ. తొందరగా," అన్నాడు.

టీచరు రెండు కట్ల చేతుల మధ్య కాగితాలు ఇరికించి పైకెత్తింది. వేళ్ళు లేని పట్టు. జారిపోతాయని గుండెకి అదుముకుంది.

వీధి తలుపు తెరుచుకుంది. గడియారంలో ఐదు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

ఇన్‌స్పెక్టరు ఒకసారి అందరి ముఖాలూ చూశాడు. బల్ల మీద ఫోను పక్కనే ఉన్న గుండ్రటి అద్దం చూశాడు. దాన్ని చూసినప్పుడు మాత్రం ఆయన ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వచ్చింది. వెనక్కి తిరక్కుండానే, చెయ్యి మాత్రం వెనక్కి పెట్టి, తలుపు గడియ వేశాడు.

"చిన్న పనే కదా మాస్టారూ," అన్నాడు టీచరు వైపు నడుస్తూ. "అయిందా సంతకం?"